రెండు క్యారేజీల దూరం

భోగాపురం నుంచి పెర్త్ ఎంత దూరం అని మా టీచరు అడిగింది. అప్పుడు నేను రెండో తరగతి. ఒక పిల్ల లేచి ఆరున్నర వేల కిలోమీటర్లంది. ఇంకో పిల్ల అరగంట అంది. నేను లేచి, "రానూ పోనూ రెండు క్యారేజీలు" అన్నాను. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది, టీచరు కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గదిలో ఆ సముద్రం సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మరి.

మా అమ్మ ఆ దారిలో పైలట్. కెప్టెన్ పైడితల్లి. పొద్దున నన్ను స్కూలు బస్సెక్కించి, సముద్రం దాటి పెర్త్ వెళ్ళి, నా మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా ఇంటికొచ్చేసేది.

మామూలు విమానానికి ఆ సముద్రం ఎనిమిది గంటలు. మనిషి ఛాతీలోంచి తీసిన గుండె మంచుపెట్టెలో నాలుగు గంటలకి మించి నిలవదు. ఆ ఒడ్డున పోతూ పోతూ ఎవరైనా గుండె ఇస్తామన్నా, ఈ ఒడ్డున దానికోసం కళ్ళు కాయలు కాసేలా చూసేవాళ్ళకి అది అందదు. నాలుగుకీ ఎనిమిదికీ మధ్య ఎంతమంది పోయారో. మా నాన్న గౌరినాయుడు ఆ రెండంకెల్నీ పట్టుకుని ఏళ్ళ తరబడి ల్యాబులో కూర్చున్నాడు. చివరికి సముద్రాన్ని మడతపెట్టాడు.

ఎలా మడతపెట్టావని అడిగితే నాన్న డాబా మీద ఆరేసిన దుప్పటి తెచ్చి రెండు కొసలు నా చేతికిచ్చాడు. రెండు కొసలు తను పట్టుకున్నాడు.

"ఇప్పుడు నా దగ్గరికి నడువు" అన్నాడు.

నడిచాను. నా కొసలు ఆయన కొసల్ని తాకాయి.

"నువ్వు పెర్త్. నేను భోగాపురం. అంతే."

"మరి మధ్యలో ఉన్న దుప్పటి ఏమైంది?" అన్నాను.

నాన్న నవ్వి, వేలాడుతున్న మడత చూపించాడు. "ఎక్కడికి పోతుందే? ఇదిగో, ఇక్కడే ఉంది."

మా అమ్మ ఆ మడతలోంచి వెళ్ళేది. బయటివాళ్ళకి ఆవిడ విమానం ఇక్కడ మాయమై అరగంటకి అక్కడ తేలేది. లోపల ఆవిడకి సముద్రం మొత్తం ఉండేది, ఎనిమిది గంటలూ ఉండేవి. కిటికీలోంచి చూస్తే ఏమీ కనిపించదట. నీళ్ళు లేవు, మబ్బులు లేవు, రేడియో పలకదు. పక్కన గుండె ఉన్న పెట్టె ఒక్కటే. ఆ పెట్టె గోడలు మడతలోని కాలాన్ని తాకనివ్వవు, అందుకని గుండెకి మాత్రం అరగంటే గడిచేది. అలాంటి గోడే అమ్మ చుట్టూ కూడా కట్టొచ్చు కదా అని అడిగాను. కడితే విమానాన్ని మడతలోంచి బయటికి తెచ్చే మనిషి ఉండదన్నాడు నాన్న. దూరాన్ని ఎవరో ఒకరు గడపాల్సిందే.

అందుకే క్యారేజీలు. ఆ లోపల అమ్మకి ఒక పూట ఆకలేసేది. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. అన్నం, పప్పు, వేపుడు, మజ్జిగ.

విచిత్రమేమిటంటే విమానాల కంపెనీ లెక్క వేరే. పైలట్ ఎన్ని గంటలు పనిచేసిందనేది భోగాపురం గోడ గడియారం చూసి రాసేవాళ్ళు. విమానాలు పుట్టినప్పట్నుంచీ అంతే, నేల మీది గడియారమే గడియారం. ఆ లెక్కన మా అమ్మ రోజుకి గంట మాత్రమే పనిచేసేది. దేశం మొత్తం మీద తీరిగ్గా ఉన్న పైలట్ మా అమ్మేనని నాన్న ఏడిపించేవాడు. అప్పట్లో ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు బస్సు దగ్గర అమ్మ నా చెవిలో, "లోపల బొత్తిగా తోచట్లేదే తరళా. ఒక ప్రశ్న ఇచ్చి పంపు, ఆలోచించుకుంటాను" అంది.

"చేపలు దగ్గుతాయా?" అన్నాను.

"వచ్చాక చెబుతా."

సాయంత్రం నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది. చేపలు దగ్గుతాయట, నీళ్ళలో కాబట్టి మనకి వినపడదట. పిల్ల చేప మరీ దగ్గితే తల్లి చేప నాచు కషాయం పట్టిస్తుందట. అదెంత చేదంటే పిల్ల చేప ఆ దెబ్బకి మళ్ళీ దగ్గదట.

అప్పట్నుంచి రోజుకో ప్రశ్న. ఆవిడ ఎప్పుడూ అక్కడికక్కడ జవాబు చెప్పలేదు. వచ్చాక చెబుతా అనేది, వచ్చి చెప్పేది. రానురాను జవాబులు పెద్దవయ్యాయి. ఒక్కో జవాబు కథలా ఉండేది, రెండు మూడు రోజులు సాగేది. నాకు భలే సరదాగా ఉండేది. ఒక చిన్న ప్రశ్న మీద అంత ఆలోచించాలంటే ఆ మనిషికి ఎంత ఒంటరితనం ఉండాలో ఆ వయసులో నాకేం తెలుస్తుంది?

క్యారేజీలు కూడా పెరిగాయి. ముందు రెండు నాలుగయ్యాయి. వంట పని ఎక్కువై రాజాం నుంచి అమ్మమ్మని పిలిపించుకున్నాం. మా అమ్మమ్మ అప్పలనరసమ్మ క్వార్టర్సుకి వచ్చిన మొదటి వారంలోనే వంటింటి గుమ్మంలో నిలబడి నాన్నని అడిగేసింది.

"బాబూ, అరగంట పెయానానికి ఇన్ని కారేజీలేటి? నా కూతురు అక్కడ బోయినాలు ఎడతందేటి?"

అమ్మే అందుకుంది. "దారి కొంచెం పెరిగిందే అమ్మా. నువ్వు కట్టు."

దారి పెరుగుతోంది. ఎనిమిది గంటల మడత పగలూ రాత్రీ అయింది, తర్వాత రెండు రోజులయింది. క్యారేజీలు పోయి బియ్యం సంచీ, చిన్న స్టవ్వు, ఆవకాయ జాడీ విమానమెక్కాయి. బయట మాత్రం అదే అరగంట. గోడ గడియారం ప్రకారం ఏమీ మారలేదు గనక కంపెనీ దృష్టిలో ఏమీ మారలేదు. మిగతా పైలట్లు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. వాళ్ళని తప్పు పట్టను. ఎవరి పిల్లలు వాళ్ళకుంటారు.

కారణం నాన్నకి మా ఇంట్లోనే తెలిసింది. అమ్మమ్మ పెట్టెలో పెళ్ళినాటి పట్టుచీర ఒకటుంది. ఏటా దసరాకి తీసి, నీడన ఆరేసి, పాత మడతలు మార్చి పెడుతుంది. ఒకే మడతలో ఉంచితే పట్టు అక్కడే చిట్లుతుంది. ఈ సంగతి తెలియని ఆడదీ మగాడూ మా వైపు లేరు. ఆ చీర రెండో కొస పట్టుకునేది ప్రతిసారీ నాన్నే. ఆ ఏడు కూడా పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు.

"ఏటి బాబూ, అలా సూస్తన్నావు? లాగు" అంది అమ్మమ్మ.

ఆయన చీర వదిలేసి ల్యాబుకి పరిగెత్తాడు.

అవే రెండు రన్‌వేలు, అదే గీత. ఏళ్ళ తరబడి రోజూ మడిచి, విప్పి, మళ్ళీ అక్కడే మడిచారు. సముద్రం ఆ మడత దగ్గర పలచబడి సాగిపోతోంది. మడత మార్చాలంటే యంత్రాలన్నీ పీకి వేరే చోట బిగించాలి, దానికి రెండేళ్ళు పడుతుంది. అంతవరకూ దారి మూసేద్దామని నాన్న రాసిచ్చాడు. కంపెనీ ఆలోచిద్దామంది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"రెండేళ్ళలో ఎంతమంది వస్తారో తెలుసా మీకు? వాళ్ళందరికీ ఏం చెబుతారు, చీర మడత మారుస్తున్నాం, ఆగండి అని చెబుతారా?"

నేను మధ్యలో దూరాను. "మరి నాకేం చెబుతావు?"

అమ్మ నా వంక చూసింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆవిడకి సర్టిఫికెట్టు ప్రకారం నలభై నిండలేదు. ఒంటి ప్రకారం యాభై దాటిపోయాయి.

"వచ్చాక చెబుతా" అంది.

దానికి ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

తొమ్మిదో తరగతిలో మార్కులు తీసుకోవడానికి అమ్మ స్కూలుకొచ్చింది. కొత్త టీచరు కుర్చీలోంచి లేచి, "కూర్చోండమ్మా. తరళ అమ్మమ్మగారా?" అంది. నేను నోరు తెరిచేలోగా అమ్మ, "అవునమ్మా, దాని తల్లికి డ్యూటీ ఉంది" అనేసింది. బయటికొచ్చాక ఇద్దరం గేటు దగ్గర పుల్ల ఐసు కొనుక్కున్నాం. ఆవిడ నవ్వుతూనే తింది. నా చేతిలోని ఐసు కరిగి మోచేతి దాకా కారింది.

ఆదివారాలు అమ్మమ్మ పెరట్లో పీట వేసుకుని అమ్మ తలకి నూనె పెట్టేది. అమ్మ జుట్టు కత్తిరించేసుకుంది, లోపల చిక్కులు తీసుకునే ఓపిక లేక. ఆ పొట్టి జుట్టు మొత్తం తెల్లబడింది. అమ్మమ్మ జుట్టు ఇంకా సగం నల్లగానే ఉండేది. ఎవరైనా గోడ మీంచి చూస్తే కూతురు తల్లికి నూనె రాస్తోందనుకుంటారు.

"నాను ముసిల్దాన్నయితే నువ్వు సూడాలే పైడీ. నువ్వు ముసిల్దానివైతే నాను సూడ్డమేటే? ఏ తల్లికి రాసుందే ఈ రాత?" అంటూ అమ్మమ్మ ఏడుస్తూనే మాడు మీద నూనె అద్దేది.

అమ్మకి అప్పుడప్పుడూ మాట తడబడేది. నా స్నేహితురాళ్ళ పేర్లు పోయాయి. వంటింట్లో గ్లాసులు ఎక్కడుంటాయో వెతుక్కునేది. మాకు నిన్న జరిగిన గొడవ ఆవిడకి రెండు వారాల కిందటిది. కానీ నేను ఇచ్చి పంపిన ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా మర్చిపోలేదు. గడప దాటగానే ముందు జవాబు చెప్పి, తర్వాతే చెప్పులు విప్పేది.

నేను పదో తరగతికి వచ్చేసరికి నాన్న మాట నెగ్గింది. దారి మూసేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శనివారం నుంచి విమానం లేదు. ఆ ముందు సోమవారం నుంచే అమ్మ ఇంట్లో ఉంది. నాలుగు రోజులు నేను స్కూలుకి పోనని మొండికేసి ఆవిడ కొంగు పట్టుకుని తిరిగాను. నా జీవితంలో అంతకన్నా మంచి రోజులు లేవు.

శుక్రవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. బొబ్బిలి నుంచి వచ్చిన బాలింత, పేరు గౌరీశ్వరి. కాన్పు తర్వాత గుండె పాడయింది. పెర్త్‌లో ఆమెకి సరిపోయే గుండె ఒకటి దొరికింది. అమ్మ ఆమెని అంతకుముందే ఒకసారి చూసొచ్చింది. వరండాలో చీరతో కట్టిన ఉయ్యాల్లో ఆ పసిగుడ్డుని కూడా చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

"వద్దు పైడీ" అన్నాడు నాన్న. "మడత చిరిగే దశలో ఉంది. ఈసారి ఎంతవుతుందో నేను చెప్పలేను. ఇదివరకైతే లెక్కేసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నాకు నిజంగా తెలీదు."

"రెండు నెలలకి సరిపడా సామాను పెట్టించండి."

"నా మాట వినవా?"

"ఆ పిల్లకి ఇంకా పేరు కూడా పెట్టలేదండీ" అంది అమ్మ. ఆవిడ దగ్గర అంతకన్నా వాదం లేదు.

నేను గదిలోంచి రాలేదు. ఆవిడే వచ్చి మంచం మీద కూర్చుంది. పక్కనే రెండు ఓణీ ముక్కలున్నాయి. పదో తరగతి వీడ్కోలు సభకి లంగా ఓణీ కుట్టించాలని అమ్మమ్మ విజయనగరం నుంచి తెచ్చిన నమూనాలు, ఒకటి చిలకపచ్చ, ఒకటి వంకాయరంగు.

"ప్రశ్న ఇవ్వవా?" అంది.

"ఇవ్వను. వెళ్ళకు."

"ఇది లేకుండా పంపిస్తావేంటే?"

నేను గోడవైపు తిరిగి, చూడకుండానే ఆ రెండు ముక్కలూ ఆవిడ ఒళ్ళోకి విసిరాను. "ఏది తీసుకోను?"

ఆవిడ వాటిని దీపం దగ్గర పెట్టి చూసింది, నా చెంప దగ్గర పెట్టి చూసింది. "వచ్చాక చెబుతా" అంది.

నాన్నతో పాటు నేనూ, అమ్మమ్మా ఎయిర్‌పోర్టు చివర ఉన్న ల్యాబుకి వెళ్ళాం. అమ్మ అటు చేరాక పెర్త్ నుంచి ఫోను మోగింది. పొద్దున మేం తిన్న ఇడ్లీ ప్లేట్లు ఇంట్లో ఇంకా కడగలేదు. అమ్మకి మడతలో నెలన్నర అయిందట.

నాన్న ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. "అక్కడే ఉండిపో. బండి అక్కడే వదిలెయ్. రేపు మామూలు విమానంలో రా. ఎనిమిది గంటలే పైడీ, ఎనిమిది గంటలే."

"గుండెకి నాలుగేనండీ."

"వచ్చే దారి ఇంతకన్నా పెద్దదవుతుంది."

"ఇక్కడివాళ్ళు ఆరు నెలల తిండి ఎక్కించారు. పాపకివ్వండి ఫోను."

నేను లాక్కున్నాను. "రంగు చెప్పు" అన్నాను. "ఇప్పుడే చెప్పెయ్యి."

అమ్మ గొంతు పొద్దున విన్న గొంతులా లేదు, మనుషులతో మాట్లాడి చాలాకాలమైన గొంతులా ఉంది.

"ఇప్పుడు చెప్పేస్తే తిరుగుదారిలో నాతో ఏముంటుందే?" అంది.

అరగంట. మీరు అరగంట అనే మాట ఎన్నిసార్లు అని ఉంటారో. అరగంటలో వచ్చేస్తా, అరగంటలో వంటయిపోతుంది. నేను ఆ మాట మళ్ళీ వాడలేదు. అమ్మమ్మ నేల మీద చతికిలబడి పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంటోంది. నాన్న తెర మీది మడత గీత వంకే చూస్తున్నాడు. ఆ గీత మధ్యలో పట్టు చిట్లినట్టే పోగులు పోగులుగా విడిపోయింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. నేను దగ్గరికెళ్ళి విన్నాను. లెక్కపెట్టడం లేదు. "తిను పైడీ, కొంచెం కొంచెం తిను, అయిపోగొట్టకు" అంటున్నాడు.

గోడ గడియారం చెప్పిన వేళకే, నిమిషం తేడా లేకుండా, విమానం రన్‌వే మీద తేలింది. కంపెనీ కాగితాల ప్రకారం అది కూడా మామూలు ప్రయాణమే.

ముందు ఆసుపత్రివాళ్ళు గుండె పెట్టె పట్టుకుని పరిగెత్తారు. గుండె నిక్షేపంగా ఉంది, అప్పుడే తీసినట్టు. తర్వాత అమ్మని దింపారు. పొద్దున చెవుల పైకి కత్తిరించి ఉన్న జుట్టు భుజాలు దాటి వేలాడుతోంది. అన్ని నెలల తిండిని ఆవిడ ఇంకెన్ని నెలలకి సాగదీసిందో, చేతులు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఎండకి కళ్ళు చిట్లించి మనుషులందరినీ వింతగా చూసింది. నాన్న "పైడీ" అని పిలిస్తే పలకలేదు. అమ్మమ్మ కాళ్ళ దగ్గర పడి ఏడుస్తుంటే, ఎవరో ముసలావిడకి కష్టమొచ్చిందని జాలిపడి తల నిమిరింది.

అప్పుడు నన్ను చూసింది. నెమ్మదిగా నడిచొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇక్కడ మా పాప ఉండాలి. తరళ అని, పదో తరగతి. కోపంగా ఉంటుంది. మీకు కనిపిస్తే ఒక్క మాట చెబుతారా?"

నేను తలూపాను.

"వంకాయరంగు తీసుకోమనండి. చిలకపచ్చ కూడా బాగానే ఉంటుంది, కానీ దాని ఛాయకి వంకాయరంగే. నేను చాలా ఆలోచించాను."

"అలాగేనండీ, చెబుతాను" అన్నాను. మా అమ్మని నేను అండీ అన్నది అప్పుడే. ఇంకెలా అనాలో తెలియలేదు.

చెప్పాక ఆవిడ భుజాలు కిందికి దిగాయి, బరువు దించుకున్నట్టు. తర్వాత చెప్పులు విప్పింది, అక్కడే, రన్‌వే మీద.

గౌరీశ్వరి బతికింది. తన కూతురికి పైడితల్లి అని పేరు పెట్టుకుంది. ఆ పిల్లని తీసుకుని ఏటా మా ఇంటికొస్తుంది. ఆ పిల్లని చూస్తే నాకు ముద్దొస్తుంది, కోపమొస్తుంది, రెండూ ఒకేసారి వస్తాయి. నాన్న మళ్ళీ ల్యాబు మెట్లెక్కలేదు. దసరాకి అమ్మమ్మ పట్టుచీర తీస్తే రెండో కొస ఇప్పుడు నేను పట్టుకుంటున్నాను.

అమ్మ ఆ తర్వాత ఎక్కువకాలం లేదు. ఉన్నన్నాళ్ళూ ఇంట్లోనే ఉంది. పగలంతా వీధి గుమ్మంలో కూర్చుని స్కూలు బస్సు వచ్చే దారి చూసేది. నేను బస్సు దిగి ఎదురుగా నిలబడితే నన్ను తప్పించి నా వెనక చూసేది. నేను పక్కన కూర్చుని అన్నం కలిపి పెడితే, "మీరు చాలా మంచివారమ్మా" అనేది.

వీడ్కోలు సభ రోజు వంకాయరంగు ఓణీ వేసుకుని ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాను. ఈసారైనా గుర్తుపడుతుందేమోనని అమ్మమ్మా, నాన్నా తలుపు పక్కన నిలబడి చూస్తున్నారు. అమ్మ ఓణీ అంచు వేళ్ళతో తడిమింది. దీపం వైపు తిప్పి రంగు చూసింది. నా చెంప దగ్గర పెట్టి చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"చాలా బాగుందమ్మా మీకు" అంది. "మా పాపకి కూడా ఇదే చెప్పి పంపించాను."